కుదరదన్న చోట కథ

టైమ్ మెషిన్ అనగానే తెలుగువాళ్లకి మొదట గుర్తొచ్చేది ‘ఆదిత్య 369’. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో ఒక ప్రొఫెసరు, ఆయన కట్టిన యంత్రం, దాని మీటలు, మెరుపులు అన్నీ ఉన్నాయి. ఎక్కి కూర్చుంటే ఒకసారి కృష్ణదేవరాయల కొలువుకి, ఇంకోసారి 2504వ సంవత్సరానికి. అంతకు పన్నెండేళ్ల ముందే, 1979లో, ఆక్టేవియా బట్లర్ అనే అమెరికన్ రచయిత్రి ‘కిండ్రెడ్’ అనే నవల వెలువరించింది. అదీ కాలంలో వెనక్కి వెళ్లే కథే. కాకపోతే అందులో యంత్రం లేదు, ప్రొఫెసరూ లేడు. 1976 జూన్‌లో, కొత్తగా చేరిన ఇంట్లో పుస్తకాలు సర్దుకుంటున్న డేనా అనే నల్లజాతి యువతికి ఉన్నట్టుండి కళ్లు తిరుగుతాయి. తేరుకుని చూస్తే ఏదో నది ఒడ్డు. నీళ్లలో ఒక తెల్ల పిల్లాడు మునిగిపోతున్నాడు. వాణ్ని బయటికి లాగి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది బతికిస్తుంది. తల ఎత్తితే ఎదురుగా పిల్లాడి తండ్రి తుపాకీ గురిపెట్టి ఉంటాడు. అది పందొమ్మిదో శతాబ్దం మొదట్లోని మేరీలాండ్. నల్లవాళ్లని సంతలో కొని అమ్మే కాలం.

డేనా అక్కడికి ఎలా వెళ్లిందో బట్లర్ చివరిదాకా చెప్పదు. ఆ పిల్లాడు రూఫస్ పెద్దయ్యాక డేనా వంశానికి మూలపురుషుడు కావాలి. అందుకని వాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఏదో ఆమెని అక్కడికి లాగేస్తుంది. అంతకుమించి వివరణ లేదు. ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత నిర్లక్ష్యంగా మన ముందు పడేసినా, నాలుగు పేజీలు తిప్పేసరికి నమ్మేస్తాం. ఎందుకు నమ్ముతామో కాస్త నిదానంగా చూద్దాం.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, జరగని చరిత్ర, రేపటి లోకం కథలు, వీటన్నిటినీ కలిపి ఇప్పుడు స్పెక్యులేటివ్ ఫిక్షన్ అంటున్నారు. ‘ఇలా జరిగితే?’ అన్న ప్రశ్న మీద నిలబడే కథలన్నమాట. వీటి మీద చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. ఊహించి రాసేదానికి పరిశోధన దేనికి, సొంత అనుభవం దేనికి, రెక్కల గుర్రం గురించి రాసేవాడికి గుర్రాల గురించి తెలియాలా అని. తెలియాలి. రెక్కలు రచయితవి, గుర్రం మాత్రం పాఠకుడికి ముందే తెలిసినది. దాని నడకలో తేడా వస్తే రెక్కల్ని కూడా నమ్మడు.

బట్లర్ 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నతనంలోనే పోయాడు. తల్లి తెల్లవాళ్ల ఇళ్లల్లో పనిమనిషి. ఒక్కోసారి కూతుర్ని కూడా వెంటబెట్టుకుని పనికి వెళ్లేది. అమ్మ పెరటి గుమ్మంలోంచి లోపలికి వెళ్లడం, ఆవిడ అక్కడే ఉండగా ఇంటివాళ్లు ఆవిడ లేనట్టుగా మాట్లాడుకోవడం, ఆవిడ విననట్టే పని చేసుకుపోవడం ఆ పిల్ల చూసింది. సిగ్గుపడింది. అమ్మ ఎందుకు పడి ఉంటోందని కోపం కూడా వచ్చింది. పాసడీనా సిటీ కాలేజీలో చదివే రోజుల్లో ఆ కోపమే ఇంకొకరి నోట విన్నది. నల్లజాతి ఉద్యమంలో తిరిగే ఒక కుర్రాడు, చరిత్ర బాగా చదివినవాడు, తరతరాలుగా తలవంచుకుని బతికి మనల్ని వెనక్కి లాగిన ఈ ముసలివాళ్లందరినీ చంపెయ్యాలనిపిస్తుంది అన్నాడట. చంపలేకపోవడానికి కారణం, తన అమ్మానాన్నలతో మొదలుపెట్టాల్సి రావడమేనట.

ఆ మాట బట్లర్‌ని చాలా ఏళ్లు వదల్లేదు. అప్పటికే ఆమెకు తెలిసొచ్చింది, అమ్మ ఆ గుమ్మంలోంచి వెళ్లబట్టే తనకి ఇంత తిండీ చదువూ అని. ఆ కుర్రాడికి చరిత్ర తెలుసు గానీ ఆ రోజుల్లో ఒక్క పూట గడపడానికి ఎంత ఓర్చుకోవాలో తెలియదు. అలాంటివాణ్ని నిజంగానే అక్కడ దింపితే ఏమవుతాడు? నవల ఈ ప్రశ్నలోంచి పుట్టింది. అంటే మొదటి పెట్టుబడి సొంత జీవితానిది.

పరిశోధన ఆ తర్వాత వచ్చింది, వస్తూనే అడ్డుపుల్ల వేసింది. బట్లర్ మొదట మగవాణ్ని పంపుదామనుకుంది. చదివిన కొద్దీ అది కుదరదని తేలింది. 1970ల నాటి మనిషి తల ఎత్తి నడుస్తాడు, ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడతాడు. బానిసలు పనిచేసే ఆ కాలపు తోటలో ఒక నల్లవాడు అలా ప్రవర్తిస్తే కథ నడిచేలోపే చంపేస్తారు. ఆడదాన్నయితే అంత ప్రమాదకారిగా చూడరు, ఆ చులకన చూపులోనే ఆమెకు కాస్త సందు దొరుకుతుంది. కథానాయకుడు కథానాయిక అయింది అందుకే. ఊరు కూడా అలాగే కుదిరింది. బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో ఉత్తరపు అంచున ఉన్నది మేరీలాండ్. అక్కణ్నుంచి స్వేచ్ఛా రాష్ట్రమైన పెన్సిల్వేనియా పక్కనే. పారిపోగలమన్న ఆశకి అక్కడ కాస్త చోటుంది, ఆశ లేని చోట ఉత్కంఠ ఎక్కడిది? ఫ్రెడరిక్ డగ్లస్, హారియట్ టబ్‌మన్ ఇద్దరూ మేరీలాండ్ తూర్పు తీరంలో బానిసలుగా పుట్టి, పారిపోయి బయటపడ్డవాళ్లే.

ఆ నేల చూడాలంటే డబ్బు కావాలి. బట్లర్ అప్పట్లో కూలిపనుల మీద బతుకుతోంది. అంట్లు తోమింది, ఫోన్లలో సరుకులు అమ్మింది, చిప్స్ ఫ్యాక్టరీలో మంచివీ చెడ్డవీ ఏరింది, తెల్లవారుజామునే లేచి రాసుకుంది. చేతిలో ఉన్న ‘సర్వైవర్’ అనే నవల ఇంకా మెరుగుపెట్టాల్సి ఉండగానే అమ్మేసి, ఆ డబ్బుతో గ్రేహౌండ్ బస్సెక్కి దేశం ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లింది. తర్వాత ఆ నవల పేరెత్తితేనే ఆమెకు గిట్టేది కాదు, మళ్లీ అచ్చు కానివ్వలేదు. ఒక పుస్తకాన్ని పణంగా పెట్టి ఇంకో పుస్తకం తెచ్చుకుందన్నమాట. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు రాసుకున్న ఆత్మకథలు కూడా వరసపెట్టి చదివింది. అందులో ఉన్నదంతా ఉన్నట్టు పెడితే ఎవరూ చదవలేరని తగ్గించి రాసింది. నవల్లో మనకి ఒళ్లు జలదరించేవన్నీ ఆ తగ్గింపు తర్వాత మిగిలినవే.

నవల్లో ఈ చదువు ఎలా పనిచేసిందో ఒక్కచోట చూద్దాం. ఒకటి రెండు ప్రయాణాలయ్యాక డేనా జాగ్రత్తపడుతుంది. యాస్పిరిన్, కత్తి, బట్టలు సంచిలో సర్ది ఒంటికి కట్టుకుంటుంది, మళ్లీ ఎప్పుడు పోవాల్సి వస్తుందో తెలియదు కాబట్టి. చదువుకున్న మనిషి, రచయిత్రి, రాబోయే నూటయాభై ఏళ్లలో ఏం జరుగుతుందో తెలిసిన మనిషి. ఒక రాత్రి పారిపోతుంది, కొద్ది గంటల్లోనే దొరికిపోతుంది. కొరడా దెబ్బలు తిని పడుకుని, అక్షరం ముక్క రాని టబ్‌మన్ తను పారిపోవడమే కాక మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి ఎందరినో తప్పించబోతోందన్న సంగతి తలుచుకుంటుంది. తన చదువు ఒక్క రాత్రికి కూడా అక్కరకు రాలేదు. సగటు సినిమా కథలో భవిష్యత్తు నుంచి వెళ్లినవాడు అగ్గిపెట్టె గీసి దేవుడైపోతాడు. బట్లర్ చదివిన చదువు ఆమెని అలా రాయనివ్వలేదు.

అదే తోటలో సారా అనే వంటమనిషి ఉంది. పిల్లల్ని అమ్మేశారు, మాటలు రాని ఒక్క కూతురు మిగిలింది. సారా నోరెత్తదు, యజమాని చెప్పింది చేస్తుంది. మొదట్లో డేనాకి ఆమె అంటే చిన్నచూపు. నెమ్మదిగా, ఉన్న ఒక్క కూతుర్ని పోగొట్టుకోకుండా ఉండడానికి ఆ నోరుమూసుకోవడం వెనక ఎంత లెక్క ఉందో అర్థమవుతుంది. ఆ చిన్నచూపు, అది కరిగిన తీరు ఏ ఆత్మకథలోనూ దొరికేవి కావు. పెరటి గుమ్మం దగ్గర అమ్మని చూసి సిగ్గుపడిన కూతురు రాయాల్సిందే.

నాకు అర్థమైనంతలో ఈ రెంటి పనీ ఇదీ. పరిశోధన రచయితతో ‘కుదరదు’ అంటుంది. ఇంత దూరం ఒక్క రాత్రిలో నడవలేవు, ఈ మాట ఆ కాలంలో అనలేవు, ఈ గాలిలో మంట అంటుకోదు. పాత్ర దారి మూసుకుపోతుంది, ఇంకో దారి వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలోనే కథ ఉంటుంది. దారి మూసుకుపోయినప్పుడు లోపల ఏమవుతుందో అనుభవం చెబుతుంది. అనుభవం అంటే జరిగింది జరిగినట్టు దింపెయ్యడం అనుకుంటారు కొందరు. ఇలాంటి కథల్లో సంఘటన దాదాపు ఎప్పుడూ పనికిరాదు, అది మన కాలంలో మన ఊళ్లో జరిగినది కదా. దాని వెనకున్న బంధం, భయం, సిగ్గు మాత్రం ఏ గ్రహానికైనా ప్రయాణం చేస్తాయి.

భయం సంగతి బట్లర్‌దే ఇంకో కథలో చూడొచ్చు. 1980లలో ఇంకో నవలల వరస కోసం పెరూలోని అమెజాన్ అడవికి వెళ్లాలనుకుంది. అక్కడ బాట్‌ఫ్లై అనే ఈగ ఉంటుంది, దాని పిల్లపురుగు మనిషి చర్మం కిందికి చేరి పెరుగుతుంది. పిండి తీసేద్దామంటే పురుగులో సగం లోపలే ఉండిపోయి కుళ్లుతుందని, అది పెరిగి తనంతట తను బయటికి వచ్చేదాకా ఓపిక పట్టడమే మేలని చదివింది. ఒంట్లో పురుగు ఉందని తెలిసి, దాన్ని ముట్టుకోకుండా రోజులు లెక్కపెట్టడం! ఆ ఆలోచనకే ఆమెకు వణుకు పుట్టింది. భయం పోగొట్టుకోవడానికి రాసిన కథ 1984లో వచ్చిన ‘బ్లడ్‌చైల్డ్’. భూమి వదిలి పారిపోయిన మనుషులు వేరే గ్రహంలో, పెద్ద పెద్ద పురుగుల్లాంటి జీవుల నీడన తలదాచుకుంటారు. ఆ చోటుకి అద్దె ఏమిటంటే, ఇంటికొక మగపిల్లాడు వాటి గుడ్లని తన ఒంట్లో మోయాలి. పురుగు గురించిన సమాచారం పుస్తకంలోది, ఒళ్లు జలదరింపు సొంతం, అద్దె అన్న ఆలోచన ఆ రెండూ కలిశాక పుట్టినది. ఆ కథకి హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ వచ్చాయి. చదివితే ఆ రాత్రి ఒళ్లు గోక్కుంటూ ఉంటాం, అది వేరే సంగతి.

చదివింది, బతికింది విడదీయలేనంతగా కలిసిపోయిన ఉదాహరణ కావాలంటే జో హాల్డెమన్ ‘ది ఫరెవర్ వార్’ చూడాలి. హాల్డెమన్ భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం చదువుకుని డిగ్రీ పుచ్చుకున్నాడో లేదో సైన్యంలోకి పిలిచి వియత్నాం పంపారు. గాయపడి తిరిగొచ్చాడు. నవల 1974లో వచ్చింది. కాంతికి దగ్గరి వేగంతో ప్రయాణించే ఓడలో గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. హాల్డెమన్ సైనికుడు దూరపు నక్షత్రాల దగ్గర రెండేళ్లు యుద్ధం చేసి వస్తాడు, భూమి మీద పాతికేళ్లు దాటిపోయి ఉంటాయి. తర్వాతి విడతల్లో వందల ఏళ్లు. తను ఎవరికోసం యుద్ధం చేశాడో వాళ్లు లేరు, ఉన్నవాళ్ల మాటతీరు, మర్యాద, సంసారం ఏదీ అర్థం కాదు. సూత్రం ఐన్‌స్టీన్‌ది. ఊళ్లోకి తిరిగొచ్చి ‘ఇది నా ఊరేనా’ అని నిలబడిపోవడం వియత్నాం నుంచి వచ్చినవాడిది.

ఈ సూత్రం మనకి కొత్త కాదని భాగవతం చదివినవాళ్లు వెంటనే అంటారు. కూతురు రేవతిని వెంటబెట్టుకుని వరుణ్ని అడగడానికి బ్రహ్మలోకం వెళ్లిన రాజు, అక్కడ పాట అయ్యేదాకా ఆగి అడిగేసరికి భూమి మీద యుగాలు గడిచిపోయాయి. నిజమే. పురాణం అక్కడ బలరాముడితో పెళ్లి చేసి శుభం పలుకుతుంది. రేవతికి ఆ కొత్త లోకంలో మొదటి ఉదయం ఎలా తెల్లవారిందో మనలో ఎవరైనా రాయొచ్చు. అందుకు వియత్నాం వెళ్లక్కర్లేదు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో, కోనసీమలో అడగండి. దుబాయో మస్కటో వెళ్లి ఏళ్ల తర్వాత సూట్‌కేసుతో ఆటో దిగిన తండ్రిని చూసి, తలుపు వెనక దాక్కుని ‘ఎవరో వచ్చారమ్మా’ అని కేకేసే పిల్లలున్న ఇళ్లు కనిపిస్తాయి. కాంతివేగం లెక్క చదివి తెలుసుకోవచ్చు, ఆ కేక మాత్రం వినాలి.

అలాగని బతకనిది రాయకూడదన్న నియమం పెట్టుకుంటే ఈ రచన మొత్తం మూతపడాల్సిందే. అర్సులా లె గ్విన్ ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’లో ఇద్దరు మనుషులు స్లెడ్జి లాక్కుంటూ మంచు పీఠభూమిని దాటే ప్రయాణం చదివితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆమె ధ్రువ ప్రాంతానికి వెళ్లలేదు. దక్షిణ ధ్రువానికి వెళ్లిన స్కాట్, షాకిల్టన్‌ల యాత్రల పుస్తకాలు ఇష్టంగా చదివింది. రోజుకి తిండి ఎంత, ఎన్ని మైళ్లు నడిచారు, గుడారంలో పొయ్యి వెలిగించడం ఎంత పని, ఇలాంటి లెక్కల్లోంచే ఆ చలి వచ్చింది. ఆమె తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవశాస్త్రవేత్త. పరాయి మనుషుల మధ్యకి వెళ్లి, తీర్పు చెప్పకుండా చూసి, రాసుకొచ్చే పద్ధతి ఇంట్లో రోజూ కనిపించింది. నవలలో కథ చెప్పేది కొత్త గ్రహానికి వచ్చిన రాయబారి, అదీ నివేదిక రూపంలో. చలి అరువు తెచ్చుకున్నా చూపు మాత్రం పుట్టింటిది.

పరిశోధనలో ఇంకో లాభం ఉంది. రికార్డులో ఎవరి పేర్లు లేవో, ఎవరు పక్కన నిలబడి మాయమయ్యారో అందులో కనిపిస్తుంది. దీనికి ఉదాహరణ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు బేగంపేటలో దోమ కడుపు గోడల మీద మలేరియా క్రిమిని కనుక్కున్నాడు. ఆ పనికి 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఆ రోజుల గురించి ఆయన చెప్పుకున్నవి చదువుతుంటే చెమట పడుతుంది. నుదుటి మీంచి, చేతుల మీంచి కారిన చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ బీటలు వారింది. పంకా లాగిస్తే గాలికి దోమలు కొట్టుకుపోతాయని ఆ ఉక్కపోతలో పంకా లేకుండానే కూర్చున్నాడు. దోమల చేత కుట్టించుకోవడానికి హుసేన్ ఖాన్ అనే రోగిని పెట్టుకుని, కుట్టిన దోమకి అణా చొప్పున ఇచ్చాడు.

ఇంతవరకూ చరిత్ర. అమితావ్ ఘోష్ ‘ది కలకత్తా క్రోమోజోమ్’ ఆ అణాల దగ్గర మొదలవుతుందని చెప్పొచ్చు. దొరగారి చుట్టూ తిరిగే పనివాళ్లకి ఆయనకన్నా ముందే అంతా తెలుసనీ, తమ రహస్య ప్రయోజనం కోసం ఆయన చేత కనుక్కోనిచ్చారనీ ఘోష్ ఊహించాడు. రాస్ 1923లో అచ్చువేసిన జ్ఞాపకాలు లేనిదే ఆ నవల లేదు. ఆ జ్ఞాపకాల్లో ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోయేవాళ్లని ఘోష్ ఆపి, కూర్చోబెట్టాడు. ఘోష్ చదువుకున్నది మానవశాస్త్రం, ఈజిప్టు పల్లెలో ఉండి పనిచేసినవాడు. నవల్లో న్యూయార్క్‌లో కంప్యూటరు ముందు కూర్చున్న గుమాస్తా అంతార్ ఈజిప్టువాడు కావడం ఊరికే జరగలేదు. 1997లో ఆ నవలకి ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు వచ్చింది. బేగంపేట మీద ఇలాంటి నవల తెలుగులో రాకపోవడం నాకైతే చిన్నతనంగానే ఉంటుంది. అణా తీసుకుని ఇంటికెళ్లిన హుసేన్ ఖాన్ ఆ రాత్రి జ్వరంలో ఏ భాషలో పలవరించాడో ఊహించడానికి హైదరాబాదు బస్తీ తెలిసినవాడికన్నా అర్హుడు ఎవరు?

ఇప్పుడు ‘ఆదిత్య 369’ దారిలోనే మీరూ ఒకణ్ని రాయల కొలువుకి పంపుతున్నారనుకుందాం. మొదటి జాగ్రత్త వంటింట్లో. అక్కడ వాడికి మిరపకాయ బజ్జీ పెట్టకండి. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో వచ్చిన సరుకు. రాయల కాలానికి మన కూరల్లో కారం అంటే మిరియమే. టమాటా, బంగాళాదుంప కూడా ఇంకా రాలేదు. గుంటూరువాడు అక్కడ నెల్లాళ్లు ఎలా బతుకుతాడన్నదే ఒక కథ కావచ్చు.

రెండోది రాయలవారే. 1520 ప్రాంతాల్లో విజయనగరం చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు ఆయన్ని దగ్గర్నుంచి చూసి రాసిపెట్టాడు. మొహం మీద మశూచి మచ్చలున్నాయన్నాడు. మన సినిమాల్లో రాజు మొహం మీద ఒక్క మచ్చ చూశామా? రోజూ తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించి, బరువులు ఎత్తి, కత్తి తిప్పి, ఆ నూనె చెమటతో బయటికి వచ్చేదాకా సాధన చేసి, ఆపైన మల్లులతో కుస్తీ పట్టి గుర్రం ఎక్కేవాడన్నాడు. పేస్ దగ్గర దొరికేది అంతవరకే. మిగతాది మన ఇళ్లల్లో ఉంది. దీపావళి తెల్లవారుజామున మా నానమ్మ మాడు మీద నువ్వుల నూనె పోసి చరిచే చరుపు, చెవి వెనక నుంచి మెడ మీదికి జారే వెచ్చదనం, కుంకుడు రసం కళ్లలో పడగానే పెట్టే కేక, ఎన్ని చెంబులు పోసుకున్నా మోచేతుల దగ్గర మిగిలిపోయే జిడ్డు. ఆ జిడ్డు తెలిసినవాడికి కుస్తీ పట్టే మల్లుడి చేతులు రాజుగారి భుజం మీంచి ఎలా జారతాయో తెలుస్తుంది. కొలువులో భయంభయంగా వంగి దండం పెట్టిన మన కుర్రాడికి, మహారాజు దగ్గర్నుంచి గుప్పున నానమ్మ వాసన వస్తుంది. సింహాసనం, కిరీటం వర్ణించడానికి పేజీలు ఖర్చుపెట్టినా పాఠకుడు ఇంత దగ్గరికి రాడు.

తెలిసినదంతా రాసెయ్యాలన్న ఉబలాటం మాత్రం చెడ్డది. మన సైన్స్ కథల్లో తరచూ ఒక శాస్త్రజ్ఞుడు కాఫీ తాగుతూ మేనల్లుడికి మూడు పేజీల పాఠం చెబుతుంటాడు. రచయిత ఎంత చదివాడో తెలుస్తుంది, కథ కదలదు. చదివింది పాత్ర చేతికి అడ్డం పడినప్పుడే పైకి రావాలి. కొన్నిసార్లు తెలిసి తెలిసీ తప్పు రాయొచ్చు కూడా. ఆండీ వియర్ ‘ది మార్షియన్’ కోసం కక్ష్యల లెక్కలు సొంతంగా వేసుకున్నంత పట్టుదల ఉన్నవాడు. అయినా కథ మొదట్లో అంగారకుడి మీద ఓడని పడదోసేంత గాలిదుమారం పెట్టాడు. అక్కడి వాయుపీడనం మన దగ్గరున్న దానిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు, ఆ గాలి అంత పని చెయ్యలేదు. వియర్‌కి అది తెలుసు, దాచుకోలేదు. కథానాయకుణ్ని ఒంటరిగా వదిలెయ్యడానికి అది కావలసొచ్చింది. మిగతా లెక్కలన్నీ నిజాయతీగా వేశాడు కాబట్టి పాఠకులు ఆ ఒక్కటీ చెల్లుబాటు చేశారు.

రేపటి కథకి మన దగ్గర ముడిసరుకు ఎక్కడుందంటే నేను ఉప్పాడ అంటాను. కాకినాడ పక్కన, జాందానీ చీరలు నేసే ఊరు. సముద్రం ఏటేటా దాన్ని కోసుకుంటూ వస్తోంది. వీధులు, గుళ్లు, ఇళ్లు నీళ్లలో కలిశాయి. బీచ్ రోడ్డు తుఫాను వచ్చినప్పుడల్లా తెగుతుంది, అడ్డంగా వేసిన జియోట్యూబు గోడనీ అలలు వదల్లేదు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత జనం ఆ ఒడ్డున ఇసక జల్లించి బంగారపు రవ్వలు ఏరుకున్నారు. మునిగిన ఇళ్లలోవో గుళ్లలోవో అన్నారు. ఇది ఫాంటసీ నవలలో రాస్తే సంపాదకుడు అతిగా ఉందని కొట్టేసేవాడు.

దీన్ని 2080కి తీసుకెళ్దాం. మునిగిన ఊరి కథ అనగానే కన్నీళ్లు, ఏకాకి ముసలమ్మ, అల మీద తేలే బొమ్మ తయారుగా ఉంటాయి. అవి వద్దు. ఆంధ్రదేశంలో భూమి సంగతి తెలిసినవాడి బుర్రకి వేరే ఆలోచన తట్టాలి. నేల మునిగినా సర్వే నంబరు మునగదు కదా, ఎవడో ఒకడు దాన్ని వెంచరు వేసి అమ్ముతాడు. సముద్రం ఎప్పటికైనా వెనక్కి తగ్గుతుంది, ఇప్పుడు గజం చవక, మీ మనవల కాలానికి బీచ్ ఫేసింగ్ అని. కొనేవాళ్లు కూడా ఉంటారు. ఆ దస్తావేజు రాయించే సన్నివేశానికి రచయిత సొంత అనుభవం ధారాళంగా ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద బల్లలు, ఈసీ కోసం పడిగాపులు, లింకు డాక్యుమెంట్లలో ఒకటి తక్కువైందని తెలిసిన క్షణాన గుండెలో పడే రాయి, వేలిముద్ర ఇంకు తుడుచుకోవడానికి గోడ వెతుక్కోవడం, ఇవన్నీ మనలో ఎవరికి కొత్త?

తెలియనిది మిగతాది. దానికి ఊరికి వెళ్లాలి. వెళ్లినప్పుడు ‘సముద్రం మీ ఇల్లు మింగినప్పుడు మీకెలా అనిపించింది’ అని అడిగితే టీవీలో చెప్పినట్టే చెబుతారు, వాళ్లనీ అనడానికి లేదు, అందరూ అదే అడిగారు. పనుల గురించి అడగాలి. గోడ పడేముందు ఏ సామాను ముందు మోశారు, కరెంటు మీటరు ఎవరు విప్పుకెళ్లారు, ఇల్లు లేకపోయాక పన్ను రసీదు ఎన్నేళ్లు వచ్చింది, రేషన్ కార్డులో చిరునామా మార్చారా, మగ్గం గుంట మళ్లీ తవ్వుకోవడానికి ఎవరి స్థలం అడిగారు. చెప్పినవాళ్ల పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, చిన్న ఊరు, రెండు వాక్యాలు చదవగానే ఎవరింటి సంగతో తెలిసిపోతుంది. కథ 2080లో జరగడం వల్ల ఇక్కడొక వెసులుబాటు ఉంది, ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి ఇంకా పుట్టని మనవడికి అంటగట్టొచ్చు.

చివరికి చెట్టు కింద బల్ల దగ్గరికే రావాలి. మన దస్తావేజుల్లో స్థలానికి నాలుగు హద్దులు రాయనిదే పని జరగదు. తూర్పు ఫలానావారి గోడ, దక్షిణం బజారు, పడమర ఫలానావారి ఖాళీ స్థలం, ఉత్తరం నడకదారి. నాలుగువైపులా సముద్రమే అయినప్పుడు దస్తావేజు లేఖరి ఏం రాస్తాడు? పాత హద్దుదార్ల పేర్లే పెడతాడా, వాళ్లూ మునిగినవాళ్లే కదా? నా దగ్గర జవాబు లేదు, ఊహించడానికి కూడా తొందరపడను. ముప్పై ఏళ్లుగా అదే బల్ల మీద రాస్తున్న లేఖరి ఎవరైనా కనిపిస్తే, టీ తెప్పించి, నిజంగానే ఒక నమూనా రాయమని అడగాలి.